మూడో గుండీ

పోయినేడు నేనెవ్వరి మొకం సూడలే.
సీనియర్ల అంగీ మూడో గుండీ కాడనే
సూపు ఆగాలె, అది రూలు.
విక్రాంతన్నది తెల్ల గుండీ, నాలుగు బొక్కలు.
ఇప్పటికీ కాజీపేట జంక్షన్ల ఆయన ఎదురైతే
మొకం గుర్తువట్టలేను,
గుండీ సూస్తె మాత్రం కడుపుల ముడివడ్తది.

ఈ యేడు నా అంగీకి వంతొచ్చింది.

రాత్రి పదకొండు. డాబా మీద మావోళ్లు ఎదురుసూస్తున్నరు,
కిందికెళ్లి ఒక్కన్ని తోల్కరమ్మన్నరు.
పద్నాలుగో నంబరు రూముల ఓదెలు, పరకాల పిలగాడు,
లేచి నిలవడ్డడు, సూపు దించిండు.
ఎవరు నేర్పిన్రో అప్పుడే!

గొంతు బరువు జేసి పేరడిగిన. చెప్పిండు.
ఊరడిగిన. చెప్పిండు.
ఇగ నడువు అనబోతుంటే
"అన్నా, మీ గుండీ ఊడేటట్టున్నది" అన్నడు.
"మా బాపు టైలరు. సూది ఉన్నది."

దారం పంటితోని తెంపేటప్పుడు
వాని నెత్తి నా గుండెకానింది.
కొబ్బరినూనె వాసన.
చేతులింకా వణుకుతనే ఉన్నయి.

పైకెళ్లి ఒకటే పిలుపు.
మెట్ల కాడికి పోయి చెప్పిన:
వాడు రాడు. నేను సుత రాను.
మీరే దిగుండ్రి, పండుకుందాం.

కొంచెంసేపు ఎవ్వలు మాట్లాడలే. ఒకడు నవ్విండు.
చెప్పుల సప్పుడు. ఒక్కడు దిగుతున్నడు.

ఓదెలు కండ్లు ఎట్లుంటయో నాకింకా తెల్వది.
పొద్దుగాల మెస్సుల సూడాలె.