సంచిలో ఊపిరి

రిటైరైన మర్నాడు
తార్నాక ల్యాబ్ తాళంచెవి అప్పగించి
ఒక్క రబ్బరు సంచి మాత్రం అడిగి తెచ్చుకున్నాను.
స్టోర్స్ గుమాస్తా రిజిస్టర్‌లో 'పనికిరానిది' అని రాసి
సంతకం పెట్టించుకున్నాడు.

నిజమే. రెండుచోట్ల సైకిల్ ట్యూబు అతుకు.
అయినా ముప్పయ్యారేళ్లు
ఈ ఊరు నా కోసం
ఇందులోకే ఊపిరి వదిలింది.

జీవక్రియ అంటే ఏమిటని మా అత్తగారు అడిగితే
పొయ్యి చూపించాను.
మనిషి కూడా అంతే, ముక్కే పొగగొట్టం,
పొగ కొలిస్తే ఎంత కట్టె కాలిందో చెప్పొచ్చు అన్నాను.
ఆవిడ కాసేపాగి, "మరి బూడిదో?" అంది.
దానికి ఇవాళ్టికీ నా దగ్గర సమీకరణం లేదు.

మలక్‌పేట గంజ్‌లో హమాలీ పోచమల్లు.
వీపు మీద ఉల్లిగడ్డ బస్తా
ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం.
పక్కనే సంచి మోసుకుంటూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నేను.
ఎవరికి ఎవరు హమాలీయో తెలీక
గంజంతా నవ్వింది.
బస్తా దించి, క్లిప్పు తీసి, అతనడిగాడు:
"నా గాలి తీస్కపోతున్నవ్ గదమ్మా,
మల్ల ఇస్తవా?"

పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది.
ఇంత ఎత్తు, ఇంత బరువున్న మగవాడు
కదలకుండా పడుకుంటే ఇన్ని క్యాలరీలని.
అది రాసిన ఊళ్లో మంచు కురుస్తుంది.
పోచమల్లు పట్టిక కంటే తక్కువ మండాడు.
మొదటిరోజు మిషన్ని అనుమానించాను
రెండోరోజు నన్ను.
పట్టికని అనుమానించడానికి
పదకొండు రోజులు పట్టింది.

'పరికరంలో లోపం ఉండవచ్చు' అని జర్నల్ వాళ్లు రాశారు.
నాలుగేళ్లు అదే వాక్యం, వేరువేరు సంతకాలతో.
సెలెక్షన్ కమిటీలో ఒకాయన
"గంజ్‌లో మగవాళ్ల ముక్కులు మూస్తూ తిరిగేది మీరేనా" అని
పొట్ట కదిలేలా నవ్వాడు.
ప్రొఫెసర్ పోస్టు ఇంకొకరికి పోయింది.
ఆయన ఊపిరి ఒక్కసారి కొలవాలని మాత్రం
నాకు చాలాకాలం కోరికగా ఉండేది.

ఒక రంజాన్ మధ్యాహ్నం, శాలిబండలో,
హలీం భట్టీ పక్కన యాకూబ్ అలీ.
నాలుక మీద నీటిచుక్క లేకుండా
గోధుమనీ మాంసాన్నీ కర్రతో ఒక్కటి చేస్తున్నాడు.
సహరీ తర్వాత ఒకటికి దగ్గరగా ఉన్న అంకె
పొద్దు వాలేసరికి
సున్నా పాయింట్ ఏడు దాకా జారింది.
మా భాషలో దానికర్థం:
తిన్నది అయిపోయింది
ఇప్పుడు మండుతున్నది అతనే.

ప్లేటులో ఎన్ని క్యాలరీలో
ఈమధ్య మెనూ కార్డు మీదే వేస్తున్నారు.
దంచిన చేతుల్లోంచి ఎన్ని పోయాయో
నా నోటుబుక్కులో, పద్నాలుగో పేజీలో ఉంది.
చెమట పడి కొంచెం అలికిపోయింది.
చెమట ఎవరిదో గుర్తులేదు.

నా దగ్గర పీహెచ్‌డీ చేసిన ఉజ్వల
ఇప్పుడు మాదాపూర్‌లో గడియారాలు చేస్తుంది.
మొన్న వచ్చి నా మణికట్టుకి ఒకటి కట్టింది,
నడిచినా కూర్చున్నా లెక్క చెబుతుందట.
"ఏ సమీకరణం వాడారే?" అన్నాను.
కాఫీ గ్లాసులోకి చూస్తూ
"అదే మేడమ్, ఆ పాతదే."

పరీక్ష అయ్యాక సంచి ఖాళీ చెయ్యాలి.
కిటికీ తెరిచి, చంకలో పెట్టి నొక్కేదాన్ని.
పోచమల్లు ఊపిరి, కొంచెం ఉల్లి వాసనతో,
బస్సు కోసం నిలబడ్డవాళ్ల మీదికి పోయేది.
ఇచ్చేశానయ్యా. నీకు కాదు గానీ.

ఇవాళ మెట్టుగూడలో మా మూడంతస్తులూ ఎక్కి
మోకాళ్లు తిట్టుకుంటుంటే
గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాను.
సంచి సగం దాకా లేచి ఆగింది.
అతుకు దగ్గర సన్నగా ఈల.
ఎంత నిలిచిందో, ఎంత పోయిందో!
పరికరంలో లోపం ఉంది.
ఈ ఒక్కసారికి వాళ్ల మాట నిజం.