నాలుగు వేళ్ళు

జింజాలో టైర్ల కొట్టు పైన మేడ మా పత్రికాఫీసు.
కిందనుంచి ఎప్పుడూ కాలిన రబ్బరు వాసన.
నా పని పేజీలు కట్టడం.
వార్త రాసేది నేను కాదు.
అదే చెప్పుకునేవాణ్ణి, ఎవరూ అడక్కపోయినా.

ఆ బుధవారం ఒక ఫోటో వచ్చింది,
ఎవడో ఇరవై వేల షిల్లింగులకి అమ్మిపోయాడు.
చెల్లెలి పెళ్ళి షామియానా కింద వాంబూజి,
కుట్టుమిషన్లు బాగుచేసే వాంబూజి, చేతిలో సోడా సీసా.
పక్కన వాళ్ళమ్మ నైగాగా,
పసుపుపచ్చ గోమేసి భుజాల దగ్గర కొమ్ముల్లా లేచి,
కొడుకు భుజం మీద చెయ్యి.
దేనికో నవ్వుతున్నారు.
ఇద్దరి ముందుపళ్ళ మధ్యా ఒకటే సందు.

వార్త ఇంతే:
అతని గదిలో ఆరేళ్ళుగా ఇంకో మగవాడు ఉంటున్నాడు. ఒకటే మంచం.
ఇంతమాత్రానికి పేజీ నిండదు.
అందుకే ఫోటో పెద్దది కావాల్సొచ్చింది.

"అమ్మ ఉంటే జనానికి జాలేస్తుంది"
అన్నాడు ఇసబిర్యే, నా వెనక నిలబడి.
"తీసెయ్."
తీసేశాను.
గోమేసి పోయింది. షామియానా పోయింది.
సీసా ఉంచమన్నాడు,
నలుపుతెలుపుల్లో బీరులా కనపడుతుందని.
కళ్ళ కింద నీడ పెంచాను.
నవ్వుతున్నవాడి పక్కన ఎవరూ లేకపోతే
అది నవ్వో, ఎగతాళో ఎవరికి తెలుసు?
పైన డెబ్బై రెండు పాయింట్ల అక్షరాల్లో
"మన పిల్లల పక్కనే ఉన్నాడు."
అందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి.
అతని కొట్టు బడి పక్కనే.

వేళ్ళు మాత్రం పోలేదు.
నాలుగు వేళ్ళు, చొక్కా భుజానికి అతుక్కుని,
చెరిపితే చొక్కా చిరిగినట్టు కనిపిస్తోంది.
"ఉండనీ, ఎవడు చూస్తాడు" అన్నాడు.
నాకూ పొద్దుపోయింది, పిండి కొనాలి, పారాఫిన్ కొనాలి,
ఇంట్లో నాలుగు వేళ్ళు నోట్లోకి పోవాలి గదా.

మా ఆవిడ పేపరు చదవదు. చదవక్కర్లేకపోయింది.
పంపు దగ్గర విని వచ్చి
కిందటి నెల అతను బాగుచేసిన మిషన్ని
పారాఫిన్ గుడ్డతో మూడుసార్లు తుడిచింది.
"మంచివాడనుకున్నా" అంది.
"చిన్న చిన్న రిపేర్లకి డబ్బు కూడా తీసుకునేవాడు కాదు" అంది,
ఆ రెండో మాటే నేరానికి రుజువన్నట్టు.
బోడా కుర్రాళ్ళూ, చర్చి మెట్ల మీద పెద్దలూ
అందరూ డెబ్బై రెండు పాయింట్లలో మాట్లాడుతున్నారు.
రేడియోలో ఒకాయన మా ఫోటోని వర్ణించి చెప్పాడు.
సీసాని బీరనే అన్నాడు.

శుక్రవారానికి కొట్టుకి తలుపు లేదు.
వాంబూజి బుసియా సరిహద్దు దాటాడని ఒకరు, దాటలేదని ఒకరు.
ఆ రెండోవాడి సంగతి ఎవరికీ తెలీదు,
అతని ఫోటో మాకు దొరకలేదు.
అదేదీ మేం వెయ్యలేదు. చక్కెర ధర పెరిగింది, అది వేశాం.

సోమవారం రోడ్డు పక్కన కొన్న చపాతీ పొట్లం విప్పితే
అతనే.
నూనెకి కాగితం పలచబడి
వెనకపేజీ ఫుట్‌బాల్ స్కోర్లు నుదుటి మీద తేలాయి.
వేళ్ళున్నాయి. గోళ్ళు అరిగి ఉన్నాయి.
ఆకలేసింది, తినేశాను.

మూడు వారాలకి నైగాగా మెట్లెక్కి వచ్చింది.
ఇసబిర్యే లేచి నిలబడ్డాడు, లాయరు నేర్పిన మాటలతో.
ఆమె సవరణ అడగలేదు. క్షమాపణ అడగలేదు.
"ఆ ఫోటో మొత్తం ఇవ్వండి" అంది.
"ఇంట్లోవన్నీ కాల్చేశారు.
దాంట్లో నేను కూడా ఉండాలి."

కత్తిరించినదాన్ని అసలుదాని మీదే సేవ్ చేశాను, ఆ బుధవారం.
ఆ మాట చెప్పడానికి నాకు దొరికిన అక్షరాలు
ఆఖరి పేజీ అడుగున తప్పొప్పులు వేసుకునేంత చిన్నవి.
ఆమెకి వినపడలేదేమో,
ఇంకాసేపు అక్కడే నిలబడింది,
చెయ్యి నా కుర్చీ వీపు మీద,
బొటనవేలు కనపడకుండా.