లోపలికి వచ్చేది కిందికి

తార్నాకలో ఆఖరి మెట్రో వెళ్ళిపోయాకే
బల్ల వణకడం మానుతుంది.
అప్పటిదాకా నేనూ నరసింలూ
చల్లారిన ఇరానీ చాయ్ ముందు కూర్చుని
రైళ్ళు లెక్కపెడుతుంటాం.

పదకొండు ఇరవై.
రాగి జాలీ పంజరంలో
ఎలుక పాదంలోంచి తీసిన ఒక్క కండపోగు,
వెంట్రుక కంటే సన్నం,
మైక్రోస్కోపులో చూస్తే అడ్డచారల లుంగీ.
గాజుసూది మొన దాని పొరకు ఆనించి
గొట్టాన్ని నోటితో మెల్లగా పీల్చి
ఊపిరి బిగబట్టి చూస్తాను.
అంటుకుంది.

ఇక తెర మీద గీత రావాలి.
రాదు. వచ్చేది రొద:
సెకనుకు యాభైసార్లు ఊగే ఊరి కరెంటు,
పక్క గది ఫ్రిజ్జుది, వరండా ట్యూబులైటుది,
వీధి చివర ఎవరో ఆపడం మరిచిన బోరు మోటారుది.
హైదరాబాదంతా నా పోగులోకి దూరాలని చూస్తుంది.
నరసింలు ఒక్కో ప్లగ్గూ పీకుతూ వస్తాడు
నేతలో తప్పిన దారం వెతికినట్టు.
"పోచంపల్లిల మగ్గం కాడ గిట్లనే మేడం,
ఒక్క పోగు తప్పుతె చీరంత కనవడ్తది."

మిగతా దారులన్నీ మందులతో మూసేశాను.
కాల్షియం గుమ్మం ఒక్కటే మిగిలింది.
పోగు ముడుచుకుంటే సూది ఊడిపోతుంది కనక
ముడుచుకోకుండా దానికీ ఓ మందు.
కదలిక ఎక్కడ పుడుతుందో తెలియడానికి
కదలనివ్వకుండా కట్టేయడం.
దీనికి జీతమిస్తారా అని అడిగింది మా ఇంటి ఓనరు.

మైనస్ ఎనభై నుంచి ప్లస్ పదికి ఒక్క మెట్టు.
గీత దిగుతుంది, తొందరేం లేదన్నట్టు,
గంజిలో మునిగే గుడ్డలా.
"కిందికి వోయింది, ఖరాబైందా?"
కాదు నరసింలూ, లోపలికి వచ్చేదాన్ని
కిందికి గీయడం మా ఆనవాయితీ.
"ఎంతుంటది కరెంటు? బల్బు వెల్గుతదా?"
వెలగదు. ఇట్లాంటి పోగులు లక్ష కలిపినా.

ఇంకో సంగతి అతనికి చెప్పలేదు:
ఈ కరెంటు వచ్చేసరికే
కండ తన పని మొదలుపెట్టేసి ఉంటుంది.
తలుపు కదిలిందని తెలిస్తే చాలు దానికి,
గుమ్మం దాటి ఎవరొచ్చారో అక్కర్లేదు.
మరి ఎందుకొస్తుంది ఇది, ఇంత ఆలస్యంగా?
నాలుగేళ్ళుగా అదే అడుగుతున్నాను.

రెండుంపావుకి నరసింలుకి పిక్క పట్టేసింది.
కుర్చీ పట్టుకుని, పళ్ళు బిగించి,
"ఇది కొలువుండ్రి మేడం, ఇది!" అన్నాడు.
ఇద్దరం నవ్వాం.
బల్ల కదిలింది.
సూది ఊడింది.