రింగులో ఇసుక

కనజావాలో వాన ఆగడమంటే
కాస్త గొంతు తగ్గించడమే.
ల్యాబ్ మూసి, గొడుగు తెరిచి,
ఇవాళ ఆ సందులోంచి వెళ్ళకూడదనుకుంటూనే
ఆ సందులోంచే వెళ్తాను.

నేజు గారి దుకాణం అద్దం వెనక
పసుపు దీపం కింద
ఎవరెవరో విడిచిపెట్టిన కళ్ళు
వరసగా కూర్చుని ఉంటాయి.
ఒక్కోదాని మెడలో చిన్న చీటీ:
'ఎ', 'బి',
'లోపల కొంచెం బూజు, ఫొటోకి అడ్డం రాదు'.

నా పని కట్టుడు పళ్ళు చెయ్యడం.
తెలుపులో పదహారు తెలుపులు గుర్తుపడతాను.
సిగరెట్టు మనిషి తెలుపు, టీ మనిషి తెలుపు,
డెబ్బై ఏళ్ళకి పాలపళ్ళ తెలుపే కావాలని
పట్టుబట్టే మనిషి తెలుపు.
అలాంటివాణ్ణి,
నల్లటి గొట్టం ఒకటి కనబడితే చాలు
చూపు మసకబారుతుంది.

మొదట బరువు మీద వంక పెట్టాను.
తేలికది కొన్నాను.
చేతికి ఆనడం లేదని మళ్ళీ బరువుది కొన్నాను.
రంగులు చల్లగా ఉన్నాయని ఒక కంపెనీని వదిలాను,
వెచ్చగా ఉన్నాయని ఇంకోదాన్ని.
ఆడలేక మద్దెల ఓడంటారు.
నేను ఏడు మద్దెలలు మార్చాను,
ఇంకా కాలు కదపలేదు.

కొత్తది ఇంటికొచ్చిన రాత్రి మాత్రం
ఎంత బాగుంటుందో!
పెట్టె మూత గాలి పీల్చుకుంటూ మెల్లగా లేస్తుంది.
వంటింట్లో సోయా సీసాని
ఇరవై ఏడు సార్లు తీస్తాను,
ఎడమ నుంచి, కుడి నుంచి, కాస్త సిగ్గుపడేలా పై నుంచి.
"దానికేమైనా సంబంధాలు చూస్తున్నావా?"
అంటుంది చిజురు, సీసా లాక్కుని కూరలో ఒంపుకుంటూ.

పోయిన మంగళవారం
పాత యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒకటి
నేజు గారు గుడ్డ పరిచి దాని మీద పెట్టారు.
తిప్పితే తేనెలా తిరిగింది,
చివర్లో ఎక్కడో చిన్న కిరకిర.
అదీ ముద్దొచ్చింది.
ముప్పై ఎనిమిది వేల యెన్‌లు. బేరమాడలేదు.
రసీదు రాస్తూ ఆవిడ
ఒక్కసారి తలెత్తి చూశారంతే.

ఇంటికొచ్చి భూతద్దం కింద పెట్టాను,
పంటిని పెట్టినట్టే.
అంచున గీత.
నెలవంకలా వంగి, కొసన కొంచెం తెగి.
ఆ గీత నేను గీసిందే.
ల్యాబ్ బల్ల మీద డ్రిల్లు జారిన రోజున.
రెండేళ్ళ కిందట ఇరవై వేలకి
అదే దుకాణంలో అమ్మింది నేనే,
"మూలలు మెత్తగా వస్తున్నాయండీ" అని నిందవేసి.

పద్దెనిమిది వేలు!
నా వస్తువు నన్ను వదిలి తిరిగొచ్చినందుకు
నేను కట్టిన అద్దె.
నవ్వొచ్చింది. చిజురుకి చెప్పలేదు.

తర్వాత ఆ కిరకిర దగ్గర
సన్నటి సూదితో కెలికితే
గోటి మీదికి రాలాయి
మూడు ఇసుక రేణువులు.

నా దగ్గరున్న ఐదేళ్ళూ
అది సీసాని చూసింది, కిటికీని చూసింది,
పదును కొలిచే గళ్ళ కాగితాన్ని చూసింది.
సముద్రం మాకు బస్సులో నలభై నిమిషాలు.
ఎవరో తీసుకెళ్ళారు దాన్ని.
ఎవరో తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి,
గాలికి చెయ్యైనా అడ్డం పెట్టకుండా,
దేన్నో చూస్తూ ఉండిపోయారు.
వాళ్ళకి మూలలు మెత్తగా వచ్చాయో లేదో.

ఆ మూడింటినీ
పంటి నమూనాలు దాచే డబ్బాలో వేశాను.
మూత మీద రంగు సంఖ్య రాయబోయి ఆగాను.
పదహారింటిలో ఏదీ కాదు.

ఆదివారం సముద్రానికి వెళ్దామన్నాను.
"ఈసారి ఏది పట్టుకెళ్తావు?"
బీరువా వైపు కనుబొమ్మ ఎగరేసింది చిజురు.
"గొడుగు" అన్నాను.

శనివారం సాయంత్రం
ఆ సందులోంచే వచ్చాను మరి.
అద్దంలో ముప్పై ఐదు మిల్లీమీటర్లది, చీటీ మీద 'ఎ'.
నేజు గారు లోపల దీపాలార్పుతున్నారు.
ఆ ఒక్కటీ
ఇంకాసేపు ఉంచితే బాగుండనిపించింది.