తొండం

లంద వాసనే మా ఇంటి గుర్తు.
చీకట్లో వచ్చే కొత్త మనిషి
ముక్కు చూపిన దిక్కున నడిచొస్తే
మా చౌడమ్మవ్వ మంచంకోడు కాలికి తగిలేది.

ఎనుము తోలు, సున్నం, తంగేడు చెక్క.
నానినన్ని దినాలు నానినాక
మా నాయన తిప్పన్న మోకాళ్ళ దాకా దిగి తొక్కుతాంటే
నేను గట్టున కూచోని వారు కోసేవాణ్ణి.
సన్నంగా కోస్తే "ఊఁ" అనేవాడు.
లావుగా కోస్తే ఏమీ అనేవాడు కాదు.
ఆ ఏమీ అనకపోవడమే దెబ్బ.

ఎండిన వారు బెజ్జంలో దూరదు.
నోట్లో పెట్టుకుని, చప్పరించి,
మెత్తబడినాక కొస పళ్ళతో లాగి ఇచ్చేవాణ్ణి.
ఆరె దిగేది, వెనకే వారు దిగేది,
నాయన రెండు కాళ్ళూ తన్నిపెట్టి బిగించేవాడు.

కపిలి తొండం కుట్టడమంటే చెప్పు కుట్టినట్టు కాదు.
చెప్పులో తప్పు ఒక్క కాలికే తెలుస్తుంది.
తొండంలో తప్పు మళ్ళన్నిటికీ తెలుస్తుంది.
అందుకే కుట్టు ముగిసిన రాత్రి
నీళ్ళు పోసి, మూతి కట్టి, దూలానికి వేలాడదీసి
సరిగ్గా దాని కిందనే పడుకునేవాడు.
మొహం మీద చుక్క పడకుండా తెల్లారితే
ఆముదం పూసి భుజానికెత్తుకునేవాడు.
పడిందా, బుడ్డి వెలిగేది.
ఇంట్లో ఇంకెవరికీ నిద్ర లేదు.

పెద్దింటోళ్ళ బాయికి
బాన కమ్మరి వీరన్నది,
గిలక వడ్ల మోనప్పది,
మోకు ఎవరు పేనినారో నాకు తెలియదు.
ఎద్దులు మాత్రం బోయ ఉరుకుందువే అనాల,
కొన్నది పెద్దిల్లయినా.
అవి బాట దిగేటప్పుడు మోకు మీద కూచోని ఊగేవాడు.
ఎక్కేటప్పుడు అవి వెనక్కి వెనక్కి,
తిరిగి చూడకుండా నడిచేవి.
నేనూ పోటీకి నడిచి ఒకసారి వెల్లకిలా పడినా.
పైకొచ్చిన తొండం నోరు తెరిచి
తొట్లోకి భళుక్కుమని కక్కేది.
ఆ నీళ్ళే ఉల్లి మడికి, మిరప మడికి,
పెద్దింటి బిందెలకి.

ఒక ఎండాకాలం, కుట్టు సడలిందంటే పోయినాం.
నాయన పనిలో ఉన్నాడు. నాకు దప్పిక.
తొట్టి అంచున చెయ్యి పెట్టినా, అంతే.
"రేయ్, ముట్టొద్దు!"
ఒక గొంతు. చూస్తాండగానే నాలుగు గొంతులు.
ఉరుకుందు చెంబు తెచ్చి
మూరెడెత్తు నుంచి నా దోసిట్లో పోసినాడు.
సగం మోచేతుల వెంట కారిపోయినాయి.
మా తోలు గొంతులోంచి వచ్చిన నీళ్ళు
నా గొంతుకు అంత ఎత్తు నుంచి పడాల్నా?
నాయన తల ఎత్తలేదు.
మెత్తబెట్టమని నా వైపు వారు చాచినాడు.

నోట్లో పెట్టుకున్నా.
అప్పుడు తట్టింది.
ఆ తొండంలో ప్రతి కుట్టూ నా ఎంగిలే.
ఉల్లి మడీ, మిరప మడీ,
వాళ్ళు కట్టుకునే మడీ
అన్నీ నా నోటి మీదుగా పారతాండాయి.
నవ్వొచ్చింది.
పళ్ళ నడుమ వారు ఉండబట్టి బయటికి రాలేదు.

ఆ ఏడు కల్లంలో మేర కొలిచేటప్పుడు,
మంచి కొర్రలు పక్కకు తీసినాక మా వంతు వచ్చినప్పుడు,
నాయన పై పంచె పరిచి నిలబడితే
పక్కన నేను మాత్రం తల వంచుకోలేదు.
ఎందుకో ఆయనకు చెప్పలేదు.
చెప్పింటే ఏమీ అనేవాడు కాదేమో.

కరెంటొచ్చింది. బాయిలోకి మోటారు దిగింది.
తొండం కొట్టంలో కొయ్యకు వేలాడి,
ఎండి, బిర్రబిగిసి, ఎలుకలకు పనికొచ్చింది.
"తీసుకుపో తిప్పన్నా, ఇంకెందుకిది" అన్నారు.
తెచ్చి, రెండు దినాలు నానబెట్టి,
మంచి ముక్క చూసి నాకు చెప్పులు కుట్టినాడు,
పత్తికొండ హాస్టలుకు నడిచిపోవడానికి.
ఆ పొద్దు వారు తానే నమిలినాడు.

ఇప్పుడు ఆదోనిలో నాది మిద్దె ఇల్లు. కారదు.
అయినా ఎప్పుడన్నా జల్లు కిటికీ దాటి
మొహం మీద ఒక్క చుక్క పడితే
నిద్రలోనే నా చెయ్యి
ఆరె కోసం తడుముతుంది.