కుడి భుజం

ఆటోనగర్ రొయ్యల కంపెనీలో
పదకొండేళ్ళు పెట్టెలెత్తాను.
గడ్డకట్టిన సరుకు, పెట్టెకి ఇరవై కిలోలు,
బెల్టు మీంచి దొంతర మీదికి.
చివరి వరస నా నెత్తికన్నా ఎత్తు.
ఎన్ని ఎత్తానో సూపర్‌వైజరు పుస్తకంలో ఉంటుంది.
భుజం కూడా ఒక లెక్క రాసుకునేది,
రాత్రిళ్ళు లేపి మరీ చదివి వినిపించేది.

కొప్పు చుట్టుకోడానికి చెయ్యి లేవదు.
చెల్లెలి కూతురు ముడేస్తూ
"నీ చెయ్యి తుప్పట్టీసినాదే పెద్దమ్మా" అనేది.
నిజమే.
ఉప్పుగాలికి ఈ ఊళ్ళో ఇనప గేట్లే ఆగవు,
చెయ్యెంత?

మొన్న ఆషాఢంలో వచ్చింది మర,
రెండు లారీల్లో, ముక్కలు ముక్కలుగా.
బిగించిన కుర్రాడు దాని పేరేదో చెప్పాడు,
మాకు నోరు తిరగలేదు. పొడుగుబావ అన్నాం.
సన్యాసమ్మ నిమ్మకాయ తెచ్చింది,
తొక్కించడానికి చూస్తే చక్రాల్లేవు.
కుంకం అద్ది పాదం దగ్గర పెట్టి ఊరుకుంది.

అట్టని తనే విప్పుతుంది, మడుస్తుంది,
టేపు బర్రున లాగి అతికిస్తుంది.
పెట్టెని ఎత్తేటప్పుడు "అమ్మా" అనదు.
మొదటిరోజు
దాని బదులు నేనే అనేశాను,
అందరూ నవ్వారు.

ఇప్పుడు నాకో స్టూలు, పచ్చ దీపం.
పెట్టె ఇరుక్కుంటే ఎర్ర బొత్తాం నొక్కాలి.
కూచుని జీతం తీసుకుంటున్నానని
మొదటి వారం సిగ్గేసింది.
నిద్రలో మాత్రం చేతులు ఇంకా లేస్తున్నాయట,
దుప్పటిని ఎత్తి
పక్కన జాగ్రత్తగా పేరుస్తున్నానట.

ఆ మూల ఆరుగురం ఉండేవాళ్ళం.
ఇద్దరిని పొట్టు తీసే వైపు పంపారు.
అప్పలకొండ రావడం మానేసింది.
ఎందుకని నేనడగలేదు.
అడగాల్సింది.
భుజం నొప్పి తగ్గిన ముచ్చట్లో ఉన్నాను.

నిన్న సాయంత్రం బస్సులో సీటు లేదు.
గాజువాక దగ్గర బ్రేకు పడితే
తూలి, గబుక్కున పై కమ్మీ పట్టుకున్నాను.
కుడిచేత్తో.
పట్టుకున్నాక తెలిసింది.
చంక కింద గాలి తగిలింది, చల్లగా,
ఎన్నాళ్ళకో తలుపు తీసిన గదిలోకి వచ్చినట్టు.
వదలబుద్ధి కాలేదు.
నా స్టాపు వచ్చింది, పోయింది.
కూర్మన్నపాలెంలో కండక్టరు కేకేస్తే దిగి,
దారిపొడుగునా వెనక్కి నడిచాను
రెండు చేతులూ ఊపుకుంటూ.