నాలుగో అరుపు

తెల్లవారి అయిదున్నర. ఉరుగ్వేలో జూలై అంటే చలి.
తక్వారెంబో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది.
కబేళా గోడ మీద మా ప్రభుత్వపు దీపం
ఇంకా కళ్ళు నులుముకుంటోంది.
జేబులో లెక్కల డబ్బీ:
బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె దూకుతుంది.
పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం, వినడం.

నూరు గొడ్లు ఈ దారెంట నడిస్తే
మూడు అరవచ్చు.
మా ఫారంలో అలాగే ఉంది.
నాలుగోది అరిస్తే నేను అడగాలి, ఎందుకని.
ఆ మూడు అనే అంకె ఎవరు వేశారో,
ఏ బల్ల చుట్టూ కూర్చుని,
భోజనానికి ముందో తర్వాతో,
నాకు తెలీదు.

ఒదిలోన్ కర్ర పట్టడు. కర్రలు పోయి జెండాలొచ్చాయి.
పుల్లకు కట్టిన గుడ్డ ఒకసారి ఊపి,
భుజం వెనగ్గా జరిగి నిలబడితే చాలు,
బొల్లిమొహాల కోడెలు కాలవ నీళ్ళలా కదుల్తాయి.
"తొందరపెడితే రోజంతా ఆలస్యమే డాక్టరమ్మా" అంటాడు.
వాళ్ళ నాన్న గుర్రమ్మీద మంద తోలినవాడు,
మూడు రోజుల దారి, ఉత్త ఈలలతో.
ఇతనికి మిగిలింది ముప్పై అడుగులు.

ఇవాళ మొదటి అరుపు పదకొండో కోడెది.
నొక్కాను.
రెండోది, జారి మోకాళ్ళ మీద పడ్డ ముసలి ఆవుది.
నొక్కాను. ఇసుక చల్లించాను.
మూడోది ఎందుకో. తోడు విడిపోయిన బెంగేమో.
నొక్కాను.

డెబ్బై రెండోది లోపలికెళ్ళి గేటు మూసుకుంటుండగా
సన్నగా, సగంలో తెగిన దారంలా
ఒకటి.

ఫోర్‌మన్ లెదెస్మా నా వైపు చూడకుండానే అన్నాడు:
"అది గేటు మడతబందు. తుప్పు."
ఆ బందు కిర్రుమంటుంది, నాకూ తెలుసు.
లోపల రెండొందల మంది కత్తులు నూరుకుని నిలబడ్డారు,
ఆగిన ప్రతి నిమిషం వాళ్ళ కూలిలోంచే పోతుంది.
వాళ్ళలో నా మేనల్లుడొకడు.
బొటనవేలు డబ్బీ మీదే ఉంది.
నొక్కలేదు. తియ్యలేదు.

"అయితే నూనె వెయ్యండి" అన్నాను.

వేశారు. నా మీది కోపం కలిపి సగం డబ్బా కుమ్మరించారు.
తెరిచి మూసి, తెరిచి మూసి చూపించారు.
పిల్లి నడిచినంత చప్పుడు కూడా లేదు.
"తృప్తేనా?"
ఒదిలోన్ జెండా ఊపాడు. డెబ్బై మూడోది నడిచింది.
గేటు మూసుకుంది.
నోరు మూసుకున్న ఆ ఇనుము పక్కనుంచి
మళ్ళీ అదే అరుపు.

ఇంకెవరూ తుప్పు మాట ఎత్తలేదు.
ఎర్ర చీటీ తీసి గొలుసుకి తగిలించాను.
అరచేయంత ఉంటుంది.
దాని బరువు తగిలించిన చేతికే తెలుసు.

గేటు లోపలి అంచున, సరిగ్గా డొక్క ఎత్తులో,
వంగిన రేకు మొన. గోరంత.
దానికి నాలుగు ఎర్ర వెంట్రుకలు.
నిలబడి చూసేవాళ్ళకి కనపడదు.
ఎవారిస్తో వచ్చి సుత్తితో అణగ్గొట్టి,
పాత ట్రాక్టరు టైరు కోసి అంచు పొడుగునా బిగించి,
చంటిపిల్ల ఉయ్యాల తడిమినట్టు
వేళ్ళతో ఒకసారి నిమిరి చూశాడు.

నలభై నిమిషాలు.
లోపలివాళ్ళు నన్నేమన్నారో మేనల్లుడు చెప్పలేదు.

నేనెవర్నీ కాపాడలేదు.
డెబ్బై నాలుగోది ఆ గేటు దాటింది, నూరోదీ దాటింది,
వెళ్ళిన చోటునుంచి ఏదీ తిరిగి రాలేదు.
ఆదివారం నిప్పుల మీద పక్కటెముకలు కాలుతుంటే
పళ్ళెం పట్టుకుని నేనూ నిలబడతాను,
ఇంకాస్త ఉప్పు పడాలంటాను.
మరి ఆ నలభై నిమిషాలూ ఎవరి కోసమంటే
ఫారంలో కారణం రాసే గడి చాలా ఇరుకు.
"గేటు అంచు. సరిచేయించాను."
సంతకం. ముద్ర.

సాయంత్రం ఒదిలోన్ మాతే బుర్ర నా చేతికిచ్చాడు.
వేడి పొగ మధ్యనుంచి, ఎటో చూస్తూ,
"ఆ గేటు పెట్టి ఆర్నెల్లయింది డాక్టరమ్మా" అన్నాడు.

ఆర్నెల్లూ
నేను తుప్పునే విన్నాను.

నీళ్ళు చల్లారేదాకా ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం.
గాలికి అది కొంచెం తెరుచుకుంది, మూసుకుంది.
ఏమీ అనలేదు.